మెట్ల కింద భద్రాచలం

మాది ఏన్కూరు. ఖమ్మం నుంచి భద్రాచలం పొయ్యే బస్సు వైరా, తల్లాడ దాటినాక మా ఊళ్ళో కాసేపు ఆగుతుంది. యాత్రికులు దిగి చాయ్ తాగుతారు. వాళ్ళకు సెంటరు కనపడుతుంది, ఎరువుల దుకాణాలు కనపడతాయి. మా మాదిగవాడ కనపడదు. బస్సు మళ్ళీ కదిలి జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదారి ఒడ్డుకు పోతుంది. డెబ్బై ఎనభై కిలోమీటర్ల దారి. ఆ దారిని నేను మొదటిసారి బస్సు కిటికీలోంచి చూడలేదు. ఎడ్లబండి వెనక నడిచి చూశాను. 1981లో, శ్రీరామనవమికి. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మా అయ్య ఊళ్ళో ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉండేవాడు. జీతం అంటే నెలజీతం కాదు. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. ఆ చెప్పులు కూడా అయ్యే కుట్టుకోవాలి. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి మా అయ్యకు చెప్పినవాడు లేడు. చెప్పాల్సినవాళ్ళందరూ ఆ రైతు అరుగు మీదే కూచునేవాళ్ళు.

ఆ ఏడు వాళ్ళ కుటుంబమంతా కల్యాణానికి బయలెల్లారు. రెండు గూడుబండ్లు. ఎడ్లను చూసుకోటానికి అయ్య. అయ్యకు సాయంగా నేను. మూడు రోజులు నడిచాం. పాల్వంచ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూసి నోరు తెరిచాను. సారపాకలో కాగితం మిల్లు అప్పటికి కొత్త. దానికి పొయ్యే వెదురు లారీలు మమ్మల్ని దాటినప్పుడల్లా ఎడ్లు బెదిరేవి. బ్రిడ్జి మొదట్లో అయ్య ఆగిండు. చెప్పులు విడిచి చేతపట్టుకుండు. దేవుడి కోసం అనుకున్నాను. "మీ తాత చెయ్యి ఇందులో ఉందిరా కొడకా" అన్నడు. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇసుకలో బండ్లు ఇప్పాం. వాళ్ళు గోదాట్లో మునిగి, పట్టుచీరలు కట్టుకుని కొండెక్కటానికి తయారయ్యారు. నేను అయ్య ధోతి పట్టుకుని గుంజుతున్నాను, మనమూ పోదామని. ఆ ఇంటి పెద్దమ్మ చూసింది. "మీరొస్తే ఎడ్లను ఎవరు చూస్తార్రా?" అంది.

అంతే. ఆమె తిట్టలేదు. కులం పేరు ఎత్తలేదు. నవ్వుతూనే అంది. కులాన్ని గురించి నేను తర్వాత చదివిన ఏ పుస్తకం కూడా నాకు అంత చక్కగా దాన్ని చెప్పలేదు. కులం ఎప్పుడూ 'నువ్వు మాదిగోడివి, ఆడనే ఆగు' అని అరవదు. అరిస్తే కేసు పెట్టొచ్చు. 'ఎడ్లను ఎవరు చూస్తారు' అని అడుగుతుంది. అడిగితే నువ్వే ఆగిపోతావు. ఆగినందుకు నిన్నే నమ్మకస్తుడంటారు.

1947లో మద్రాసు రాష్ట్రం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. అప్పుడు భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోదే, తూర్పు గోదావరి కింద ఉండేది. అవతలి ఒడ్డు బూర్గంపాడు నిజాం రాజ్యం. అంటే మా అయ్య ఎడ్లు కాసే నాటికి ఆ గుడి తలుపు చట్టం ప్రకారం మాకు తెరుచుకుని ముప్పై నాలుగేళ్ళయింది. తలుపుకు అడ్డం నిలబడింది పూజారి కాదు. రెండు జతల ఎడ్లు.

మిట్టమధ్యాహ్నం కొండమీద మేళాలు మోగినయ్. ఇసుకలో నిలబడి అయ్య చేతులెత్తి మొక్కిండు. "గోపురం కనపడ్డదిగా బిడ్డా, చాల్లే" అన్నడు. సాయంత్రం వాళ్ళు దిగొచ్చి గుప్పెడు తలంబ్రాలు పైనుంచి అయ్య తువ్వాలులో పోశారు. భద్రాచలం తలంబ్రాలు ఎర్రగా ఉంటాయి, గులాల్ కలుపుతారు. తానీషా కాలం నుంచి వచ్చిన ఆనవాయితీ అంటారు. తురక రాజు పంపిన రంగు దేవుడి పెండ్లికి పనికొచ్చింది. ఆ గింజలను అయ్య కొంగున ముడేసుకుని మూడు రోజులు మోసుకొచ్చిండు. మా అవ్వ వాటిని కండ్లకద్దుకుని బియ్యం కుండలో కలిపింది. జొన్నలు తినే కొంపలో బియ్యం గింజ గింజే లెక్క.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న చలికాలం ఎనిమిదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని నేను మళ్ళీ భద్రాచలం నడిచాను. నేను చరిత్ర పాఠం చెప్పేవాణ్ణి. వాళ్ళు హాస్టళ్ళలో ఉండి డిగ్రీ చదివే పిల్లలు. మాలలు, మాదిగలు, ఇద్దరు కోయ పిల్లలు, ఒక లంబాడా అమ్మాయి. చారిత్రక స్థలాలు చూపించమన్నారు. మెట్ల దగ్గర అమ్మే చిన్న పుస్తకం ఒకటి కొన్నాం. చూడదగిన స్థలాలన్నీ వరసగా ఉన్నాయి. భద్రగిరి, రంగనాయకుల గుట్ట, జటాయువు పడ్డ ఎటపాక, సీతమ్మ చీర ఆరేసిన పర్ణశాల. పుస్తకం చివర సత్రాల ఫోన్ నంబర్లు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెమట పట్టిన మనిషి ఒక్కడు లేడు. కాబట్టి పుస్తకం మూసి సంచిలో పెట్టి, నా వరసలో నడిపించాను.

మొదట మెట్లెక్కాం. అవును, ఎక్కాం. ఎడ్లు లేవు కదా. గుడి కట్టించింది కంచర్ల గోపన్న, మా జిల్లా నేలకొండపల్లివాడు. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా 1672 నుంచి 1687 దాకా ఏలిండు. ఆయన దగ్గర పెత్తనం చేసిన అక్కన్న మాదన్నలకు గోపన్న మేనల్లుడంటారు. ఆ చుట్టరికంతో పాల్వంచ పరగణాకు తహసీలుదారయ్యిండు. వసూలైన శిస్తులో ఆరు లక్షలు గుడికి పెట్టిండని, అందుకు పన్నెండేళ్ళు గోల్కొండలో చెరసాల అనుభవించిండని కథ. రామలక్ష్మణులు మారువేషంలో పోయి ఆ బాకీ కట్టారట. గోల్కొండ కోటలో ఇప్పటికీ రామదాసు బందీఖానా అని చూపిస్తారు, గోడ మీద ఆయన చెక్కుకున్న బొమ్మలతో సహా.

నేను పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగాను. ఆరు లక్షలు ఎవరివి?

ఒకడు నవాబువి అన్నడు. ఇంకొకడు రాముడివి అన్నడు. లంబాడా అమ్మాయి కాసేపు ఆలోచించి, "శిస్తు కట్టినోళ్ళవి సార్" అంది.

మూడు వందల ఏళ్ళుగా హరికథల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఈ డబ్బు తగువు ఇద్దరి మధ్యే నడుస్తోంది. నవాబు అడుగుతాడు, భక్తుడు ఏడుస్తాడు, దేవుడు కడతాడు. శిస్తు కట్టినవాడు కథలో ఎక్కడా రాడు. పాల్వంచ పరగణాలో అడవి నరికి చెలక చేసినవాడు, ఆ చెలకకు మోట కొట్టినవాడు, ఆ మోటకు తోలు తిత్తి కుట్టినవాడు - వీళ్ళ చేతుల్లోంచి పోయిన గింజలే కదా ఆ ఆరు లక్షలు. దేవుడు బాకీ తీర్చాడు సరే, ఎవరికి తీర్చాడు? నవాబుకు. అసలు అప్పిచ్చినవాళ్ళకు రావాల్సింది ఇంకా బాకీ ఉంది. గోపన్న కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. పన్నెండేళ్ళ చెర చిన్నది కాదు. ఆయన పాటలు మా అవ్వ కూడా కలుపు తీస్తూ పాడేది. ఆమె గొంతులో అవి బాగుండేవి. అయితే మా మేనమామ అడవిలో రెండు వెదురు బొంగులు కొట్టుకొచ్చినందుకు జంగ్లాతోళ్ళు పట్టుకుపోయి వారం రోజులు కొట్టి, మేకను తీసుకుని వదిలారు. సర్కారు సొమ్ము ముట్టుకున్న నేరమే రెండూ. ఒకరి చెర గురించి పాటలున్నాయి. మా మామ నడుం వంగిపోయి చచ్చిపోయిండు.

కొండ దిగుతుంటే కోయ పిల్లవాడు దమ్మక్క గురించి చెప్పిండు. పోకల దమ్మక్క. ఈ విగ్రహాలు అడవిలో పుట్టలో దొరికింది ఆమెకే. తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి ఆమే పూజ చేసిందని స్థలపురాణమే ఒప్పుకుంటుంది. అంటే ఈ గుడికి మొదటి పూజారి ఒక అడవి బిడ్డ, ఆడది, మంత్రం రానిది. గోపన్న వచ్చాక ఏమైంది? గోపురం లేచింది, ఆగమశాస్త్రం వచ్చింది, అర్చకుల వంశాలు వచ్చాయి. దమ్మక్క పని అయిపోయింది. ఈమధ్య ఏటా ఆషాఢంలో దమ్మక్క సేవాయాత్ర అని జరుపుతున్నారు, కోయవాళ్ళను పిలుస్తున్నారు. మంచిదే. ఏడాదికి ఒకరోజు పిలిచి మిగతా రోజుల లెక్క అడగొద్దంటే మాత్రం ఒప్పుకోం. కనిపెట్టింది ఆమె అయితే గర్భగుడిలో ఆమె మనవలు ఎందుకు లేరు?

శబరి కథా ఇంతే. శబరి ఎంగిలి పండ్లు రాముడు తిన్నాడని ఉపన్యాసాల్లో చెప్పి కండ్లు తుడుచుకుంటారు. మా ఏన్కూరు చుట్టుపక్కల హోటళ్ళలో నేను చదువుకునే రోజుల్లో మా గ్లాసు వేరే ఉండేది, చూరులో దోపి. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. ఆ హోటలు గోడ మీద శ్రీరామ పట్టాభిషేకం పటం. మా ఎంగిలి కడగటానికి కూడా ఒకడు ముట్టుకోని చోట ఆ కథకు ఏం విలువ?

శబరిని చెప్పేవాళ్ళు శంబూకుణ్ణి చెప్పరు. తపస్సు చేసిన శూద్రుడి తల నరికిన కథ ఉత్తరకాండలో ఉంది. అది ప్రక్షిప్తం అంటారు, తర్వాత ఎవరో చేర్చారంటారు. సరే, చేర్చినవాడు ఎందుకు చేర్చాడు? రాముడి చేతికి ఆ కత్తి ఇస్తేనే కదా మిగతా శంబూకులు భయపడేది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే 'శంబుక వధ' నాటకం రాసి ఈ ప్రశ్న అడిగిండు. అంబేద్కర్ రాసిన 'రిడిల్స్' ను మహారాష్ట్ర ప్రభుత్వం 1987లో అచ్చువేస్తే రాముణ్ణి ప్రశ్నించిన అధ్యాయం మీద బొంబాయిలో ఎంత రగడ జరిగిందో తెలిసిందే. అరవై ఏడేళ్ళలో ప్రశ్న అక్కడే ఉంది, కోపం పెరిగింది. ఇన్ని స్థలాలున్న భద్రాచలంలో, సీతమ్మ పసుపు కుంకుమలు అద్దిన రాయి, నారచీర ఆరేసిన రాయి, మాయలేడి వచ్చిన చోటు అన్నీ గుర్తుపెట్టి చూపించే ఈ ప్రాంతంలో శంబూకుడి పేరున ఒక రాయి లేదు. పర్ణశాలలో ఆ మరకల రాళ్ళను చూపించి డబ్బులు అడిగే పిల్లల్లో సగంమంది మన పిల్లలే. వాళ్ళను నేను ఏమనలేదు. ఆకలి ఉన్నవాడు ఏ కథ అయినా చెప్తాడు.

కథతో చరిత్రను పూడ్చిపెట్టటం వీళ్ళకు కొత్త కాదు. గోపన్న పుట్టిన నేలకొండపల్లికే పొండి. రామదాసు ధ్యానమందిరం చూపిస్తారు. దాని పక్క పొలాల్లో పెద్ద మట్టిదిబ్బలు. విరాటరాజు గద్దెలు అని పేరు. పాండవులు అజ్ఞాతవాసం చేసిన చోటని మా బడిలో చెప్పారు, నేను నమ్మాను. పురావస్తు శాఖ తవ్వితే బౌద్ధ మహాస్తూపం బయటపడ్డది. బుద్ధుడి విగ్రహాలు బయటపడ్డాయి. వందల ఏళ్ళు బుద్ధుడి మీద విరాటరాజు కూచున్నాడు. ఇప్పటికీ ఊళ్ళో పెద్దలు ఆ పాత పేరే చెప్తారు. నేను చరిత్ర సబ్జెక్టు తీసుకోటానికి కారణం ఆ దిబ్బ. డిగ్రీలో ఉన్నప్పుడు దాని మీద నిలబడి, నాకు చిన్నప్పుడు చెప్పిన అబద్ధాలు ఇంకెన్ని ఉన్నాయో అనుకున్నాను.

సత్రాల వీధి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పుస్తకంలో అది చూడదగిన స్థలం కాదు, కానీ నా దృష్టిలో భద్రాచలంలో అన్నిటికంటే చారిత్రకమైంది అదే. ఏ పుణ్యక్షేత్రంలోనైనా కులానికో సత్రం. బోర్డు మీద కులం పేరు రంగులతో, దాతల పేర్లు పాలరాయి మీద. మనదేశంలో కులం లేదని, పోయిందని, దళితులే దాన్ని పట్టుకు వేలాడుతున్నారని చెప్పే పెద్దమనుషులను ఈ వీధిలో ఒకసారి నడిపించాలి. 1992లో, నేను బి.ఏ. చదివేటప్పుడు, ముగ్గురు స్నేహితులం వచ్చి రాత్రికి గది కోసం ఒక సత్రంలో అడిగాం. గుమాస్తా ఇంటిపేర్లు అడిగిండు. చెప్పాం. ఊరు అడిగిండు. చెప్పాం. ఊళ్ళో ఎక్కడ అన్నడు. ఆ మూడో ప్రశ్నకు మాలో ఒకడు లేచి బయటికొచ్చిండు. చుండూరు జరిగి అప్పటికి ఏడాది కాలేదు. గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో వేసిన శవాల ఫోటోలు మా గది గోడకు అంటించి ఉన్నాయి. ఆ కుర్రాడు ఆ రాత్రి స్నానఘట్టం మెట్ల మీద పడుకుని, "కాలవలో వేసేవాడూ వాడే, గది ఇవ్వనోడూ వాడేరా, సంచి ఒక్కటే తేడా" అన్నడు. మేం ఇద్దరం ఏం మాట్లాడలేదు. మా కింద గోదారి పారుతా ఉంది.

స్నానఘట్టం దగ్గర నీటిమట్టం కొలిచే అడుగుల గుర్తులుంటాయి. పిల్లలకు అది చూపించాను. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3. టీవీల్లో గుడి మెట్ల దాకా నీళ్ళొచ్చాయని చూపిస్తారు. గుడి కొండ మీద ఉంది, దానికేం కాదు. ఊళ్ళో ఎత్తు ఎవరిది, పల్లం ఎవరిది అని అడగండి. ఊరి చరిత్ర అంతా ఆ కొలబద్ద మీదే ఉంది. నలభై ఐదుకు ఎవరి గుడిసె మునుగుతుంది, యాభైకి ఎవరి వాడ, అరవైకి ఎవరి దుకాణం, డెబ్బైకి ఎవరి మేడ మెట్టు. కింద నుంచి పైకి చదువుకుంటూ పోతే మనుధర్మశాస్త్రం అడుగుల్లో రాసినట్టు ఉంటుంది. మా పెద్దమ్మ కూతురు ఈ ఊళ్ళోనే పల్లంలో ఉంటుంది, హోటళ్ళలో గిన్నెలు తోముతుంది. 2022లో పదిరోజులు బడిలో పడుకుంది. తిరిగొచ్చేసరికి గోడ లేదు. "నీళ్ళు తీసేటప్పుడు గోడ కూడా తీసుకుపోయింది తమ్మీ, సామాన్లు మాత్రం బురదలో వదిలేసిపోయింది, మంచిది గోదారి" అని నవ్వింది.

ఇక్కడ మా కమ్యూనిస్టు మిత్రులతో కాస్త తగువు పెట్టుకోవాలి. ఖమ్మం జిల్లా ఎర్రజెండా జిల్లా. సాయుధ పోరాటంలో మా తాతలు కూడా అన్నం మూటలు మోసినవాళ్ళే. నేను విద్యార్థిగా ఆ జెండా కిందే నడిచాను. గుడి గురించి మాట్లాడితే, అది ఉపరితలం, ముందు భూమి సంగతి తేల్చాలి అనేవాళ్ళు. సరే, భూమి సంగతే చూద్దాం. రాముడికి ఒక్క పురుషోత్తపట్నంలోనే వందల ఎకరాల మాన్యం ఉంది. 2014లో పోలవరం కోసం మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు ఊరు తెలంగాణలో, దేవుడి పొలం ఆంధ్రలో పడ్డాయి. ఆ గీత గురించి ఎన్ని ధర్నాలు, ఎన్ని కోర్టు కేసులు. దేవుడు భూస్వామి అయిన చోట గుడి ఉపరితలం ఎట్లా అవుతుంది? మా అయ్య జీతం ఉన్న రైతు కూడా ఎర్రజెండాకే చందా ఇచ్చేవాడు. మీటింగుల్లో ముందు కుర్చీ ఆయనది. డప్పు మా అయ్యది.

భూమి మాట వచ్చింది కాబట్టి మనకు ఇబ్బందైన సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో గట్టిపరిచి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని చేసింది. ఆ చట్టం న్యాయమైంది. దాన్ని ఎత్తెయ్యాలని అరిచేవాళ్ళలో ఎక్కువమంది బయటినుంచి వచ్చి వందల ఎకరాలు కోయవాళ్ళ దగ్గర మందు సీసాలకు, మిరపకాయల అప్పులకు రాయించుకున్నవాళ్ళు. కానీ ఆ చట్టం లెక్కలో తరతరాలుగా కోయగూడెం అంచున డప్పు కొట్టి, చెప్పు కుట్టి బతికిన మాలమాదిగలు కూడా గిరిజనేతరులే. వచ్చిన భూస్వామీ, ఉన్న వెట్టివాడూ ఒకే గంపలో. ఈ మాట ఎత్తితే భూస్వాములు వెంటనే మనల్ని ముందుకు తోసి, చూడండి దళితులకు అన్యాయం జరుగుతోంది, చట్టం తియ్యండి అంటారు. మనం వాళ్ళ డాలు కాకూడదు. మన సెంటు భూమి కోయవాడి పట్టాలోంచి రాకూడదు. దేవుడి మాన్యంలోంచి, భూస్వామి బినామీలోంచి రావాలి. ఈ మాట నేను సత్రాల వీధి చివర చాయ్ బండి దగ్గర అంటుంటే కోయ పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాదిగ పిల్లవాడొకడు, "మరి మా ఇంటి జాగా పట్టా సంగతేంది సార్?" అన్నడు. వాళ్ళది బూర్గంపాడు వైపు ఊరు. వాడికి నా దగ్గర సరైన జవాబు లేదు. వాడు చాయ్ సగంలో వదిలేసిండు.

తర్వాతి రోజు దుమ్ముగూడెం పోయాం. గోదారి మీద పడవలు పైదాకా నడిపించాలని కాటన్ దొర కాలంలో మొదలుపెట్టిన రాతి ఆనకట్ట ఉంది. ఈ ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేశాడు. 1874లో మద్రాసు గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మంలో. 2016లో భద్రాద్రి కొత్తగూడెం అని కొత్త జిల్లా. సర్కార్లు మారినప్పుడల్లా ఒక శిలాఫలకం పెరిగింది. పడవల పని 1871లో ఆపేశారు, రాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. జాన్ కెయిన్ అనే మిషనరీ 1870లలో ఇక్కడ ఉండి ఈ తాలూకాల మనుషుల గురించి, కోయల గురించి రాసిపెట్టిండు. ఆయన చూపులో ఎక్కువతక్కువలు ఉన్నాయి. దొర దొరే. అయినా ఈ ఏరు పక్క కోయగూడేల గురించి ఆ కాలంలో కాగితం మీద పెట్టినవాడు ఆయన. స్థలపురాణాలకు మనుషుల పేర్లు గుర్తుండవు, గోవుల పేర్లు గుర్తుంటాయి.

రాళ్ళు చెక్కినవాళ్ళలో పేరు దక్కినవాడు కూడా ఒకాయన ఉన్నాడు. కల్యాణ మండపం 1960లలో కట్టిన గణపతి స్థపతి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ బుద్ధ విగ్రహం చెక్కించిందీ ఆయనే. ఆ బుద్ధుణ్ణి 1990లో నీళ్ళలోకి తీసుకుపోతుంటే పడవ ఒరిగి విగ్రహం మునిగింది. దానితోపాటు కూలీలు మునిగి చచ్చిపోయారు. 1992లో బుద్ధుణ్ణి పైకి తీసి నిలబెట్టారు. ఇప్పుడు అక్కడ ఫోటోలు దిగే ఎవరినైనా ఆ చచ్చిపోయినవాళ్ళలో ఒక్క పేరు అడగండి.

ఇక మా తాత సంగతి.

భద్రాచలం బ్రిడ్జికి 1959లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసిండు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిండు. ఇద్దరు రాష్ట్రపతుల మధ్య ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో నాలుగేళ్ళు మా తాత అక్కడ కంకర మోసిండు. ఏన్కూరు నుంచి మా వాడవాళ్ళు పదిమందిదాకా పోయారట, ఇసుకలో తాటాకు గుడిసెలు వేసుకుని ఉన్నారట. అంతకుముందు పడవ మీద దాటాల్సిన ఏరు. పడవవాడు మావాళ్ళను చివర ఎక్కించుకుని ముందు దింపేవాడట, ఎందుకంటే ఒడ్డుకు చేరేముందు నీళ్ళలో దిగి పడవ లాగాలి. ఒక రోజు స్తంభం పని దగ్గర ఇనుప తాడు జారి తాత కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయినయ్. మేస్త్రీ గుడ్డ కట్టి, ఇరవై రూపాయలు చేతిలో పెట్టి ఊరికి పొమ్మన్నడు. ఆ వేళ్ళు ఏమైనయ్ అని చిన్నప్పుడు నేను అడిగితే, "మాల్‌లో కలిసినయ్ బిడ్డా, మళ్ళ ఎవడు ఏరుతడు" అనేవాడు. మాల్ అంటే సిమెంటు, కంకర కలిపినది. తాత ఆ చేత్తోనే తర్వాత ఇరవై ఏళ్ళు డప్పు కొట్టిండు. రెండు వేళ్ళు లేని దెబ్బ వేరుగా పలికేది. వాడలో ఎక్కడో మూల నుంచి విన్నా అది మా తాత డప్పని తెలిసిపోయేది.

ఆయనకు బ్రిడ్జి ప్రారంభోత్సవం చూసే యోగం లేదు. బ్రిడ్జి దాటింది ఒకే ఒక్కసారి, 1974లో, పాడె మోయటానికి. అది వేరే కథ.

నేను గుడులు కూల్చమనటం లేదు. ఆ మాట అన్నానని నా మీద రాసేవాళ్ళు రాస్తారు. నా దగ్గర ఉన్నది చిన్న అర్జీ. బ్రిడ్జి కట్టిన కాలం నాటి మస్టరు రోల్సు ఎక్కడో ఒక ఆఫీసు బీరువాలో ఉండి ఉంటాయి. కూలీల పేరు, తండ్రి పేరు, వేలిముద్ర ఉంటాయి. అవి బయటికి తీయండి. ఆ పేర్లు బ్రిడ్జి మొదట్లో రాయండి. రాష్ట్రపతుల పేర్ల కింద రాసినా మాకు అభ్యంతరం లేదు, కింద ఉండటం మాకు అలవాటే. ఈ అర్జీ నేను రెండుసార్లు ఇచ్చాను. ఒకసారి అడిగిన ఆఫీసులో, 'మీ దగ్గర రుజువు ఏముంది' అన్నారు. తాత చెయ్యి చూపించటానికి తాత లేడు. రామదాసు ఆరు లక్షలకు ఎవరైనా రసీదు అడిగారా? ఆకాశం నుంచి పడ్డ రామమాడలకు రుజువు అక్కరలేదు. కంకర మోసిన తట్టకు కావాలి.

పిల్లలు మాత్రం ఊరుకోలేదు. ఆ సాయంత్రం తిరుగు ప్రయాణానికి బస్సు ఇక్కడే ఎక్కమంటే వద్దన్నారు, సారపాక దాకా నడుస్తామన్నారు. పక్కన కొత్త బ్రిడ్జి వచ్చింది ఇప్పుడు. పాతదాని మీద లారీలు పోతుంటే కాళ్ళ కింద వణుకు తెలుస్తుంది. ఎండ పడమటికి దిగింది. ఏట్లో ఇసుక మేటలు, మధ్యలో సన్నగా నీళ్ళు. లంబాడా అమ్మాయి రెయిలింగు మీద నుంచి కిందికి వంగి అడిగింది.

"ఎన్నో స్తంభం సార్?"

"మూడోది అనేవాడు తాత."

"ఏ ఒడ్డు నుంచి?"

నేను తాతను అది ఎప్పుడూ అడగలేదు. అయ్యనూ అడగలేదు. ఇద్దరూ లేరు ఇప్పుడు.

పిల్లలు రెండు జట్లయ్యారు. నలుగురు వెనక్కి తిరిగి భద్రాచలం ఒడ్డు నుంచి లెక్కపెట్టటానికి పోయారు. నలుగురు నాతో సారపాక వైపు వచ్చారు. మూడో స్తంభం మీదికి వచ్చాక, బూర్గంపాడు వైపు పిల్లవాడు, చాయ్ వదిలేసినవాడు, సంచిలోంచి ఆ చూడదగిన స్థలాల పుస్తకం తీసి, ఖాళీగా ఉన్న వెనక అట్ట మీద మా తాత పేరు రాసుకున్నాడు. తాత తండ్రి పేరు కూడా అడిగిండు. చెప్పాను.